వైఫై లిస్టులో ఏది పైన ఉండాలి? మా షాపు సిస్టమ్‌ల మీద నా రివ్యూ

కర్నూలు గాయత్రి ఎస్టేట్‌లో మాకు చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ ఉంది. పెట్టి 12 ఏళ్లయింది. చుట్టూ ఆసుపత్రులు, ల్యాబులు, స్కానింగ్ సెంటర్లు, మెడికల్ షాపులు, వాటి మీద లాడ్జీలు. కౌంటర్ దగ్గర లాప్‌టాప్ తెరిచి వైఫై గుర్తు నొక్కితే పాతిక పేర్లకు తక్కువ రావు. నిన్న మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు కూర్చుని లెక్కపెట్టాను, 31 ఉన్నాయి. అందులో నాకు కావలసినవి మూడే. ఒకటి మా షాపు ఫైబర్ రౌటర్. రెండోది పక్క మెడికల్ షాపు అన్నవాళ్లది. మాది పోతే వాళ్లది మేము, వాళ్లది పోతే మాది వాళ్లు వాడుకుంటాం, పాస్‌వర్డులు ఇచ్చిపుచ్చుకున్నాం. మూడోది నా ఫోన్ హాట్‌స్పాట్, ఆ రెండూ పోయిన రోజు కోసం.

31 పేర్లలో ఈ మూడూ ఎక్కడున్నాయో వెతుక్కోవడంలో ఎంత టైం పోతుందో, ఎదురుగా కస్టమర్ నిలబడి ఉంటే ఎంత టెన్షన్ అవుతుందో ఈ పని చేసేవాళ్లకే తెలుసు. లాప్‌టాప్ రివ్యూల్లో ప్రాసెసర్, ర్యామ్, బ్యాటరీ అన్నీ రాస్తారు. ఈ లిస్టు గురించి ఒక్క లైను రాసినవాళ్లు నాకు కనపడలేదు. అందుకే మా షాపులో తిరిగిన సిస్టమ్‌లన్నింటినీ ఈ ఒక్క విషయంలో పక్కపక్కన పెట్టి చూసి రాస్తున్నాను.

నాకు ఈ పట్టుదల ఎందుకు వచ్చిందో ముందు చెప్పాలి.

పోయిన ఎండాకాలం ఆదోని దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. భార్యకు తలకు సీటీ స్కాన్ తీశారు. ఆ సీడీ హైదరాబాద్‌లో ఉన్న కొడుక్కి పంపాలి, అతను అక్కడి డాక్టరుకు చూపిస్తాడు. సీడీలో 400 ఎంబీ పైనే ఉంది. అప్‌లోడ్ సగం దాటిందో లేదో, కరెంటు పోయింది. లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది గానీ రౌటర్ ఆరిపోయింది. మెడికల్ షాపు వాళ్లకు ఇన్వర్టర్ ఉంది కాబట్టి వాళ్లది నడుస్తూనే ఉంటుంది. గబగబా లిస్టు తెరిచాను. పై నుంచి మూడో లైను వాళ్లది. బాణం దాని మీదికి తెచ్చి నొక్కాను. సరిగ్గా నొక్కే ఆ అర సెకనులో లిస్టు రిఫ్రెష్ అయి, మూడో లైను నాలుగో లైనైంది. దాని చోట్లోకి పై అంతస్తు లాడ్జి వాళ్ల ఓపెన్ నెట్‌వర్క్ వచ్చి కూర్చుంది. పాస్‌వర్డ్ లేదు కాబట్టి మారు మాట లేకుండా దానికి కనెక్ట్ అయిపోయింది. వెంటనే ఫోన్ నంబరు ఇవ్వండి, ఓటీపీ కొట్టండి అనే పేజీ ఒకటి వచ్చింది. దాన్ని వదిలించుకుని మెడికల్ షాపు వాళ్లదానికి మారేసరికి అప్‌లోడ్ మొత్తం పోయి మళ్లీ సున్నా నుంచి మొదలైంది.

"ఏమ్మా, పోయినాదా?" అన్నాడు పెద్దాయన.

"పోలేదు పెద్దాయనా, ఇంకోసారి పెడతాను, కూర్చోండి."

"బస్సు టైమాయె తల్లీ." ఆ మాట అని, సీడీ కవరును రెండు చేతులతో ఒళ్లో పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. ఇంకో 20 నిమిషాలు అట్లాగే కూర్చున్నాడు. ఆయన కళ్లు ఆ కవరు మీదే ఉన్నాయి. నాకు ఇప్పటికీ ఆ కవరు గుర్తొస్తుంది.

ఆ లాప్‌టాప్ సెకండ్‌హ్యాండ్‌ది. తయారుచేసిన కంపెనీవాళ్లే సొంతంగా ఒక వైఫై ప్రోగ్రాం పెట్టి ఇచ్చారు. అందులో లిస్టంతా ఒక్క సిగ్నల్ బలం మీదే నడుస్తుంది. ఎవరిది బలంగా ఉంటే వాళ్లు పైకి, తగ్గితే కిందికి, క్షణక్షణం. తెలిసినదా, తెలియనిదా, తాళం (అంటే పాస్‌వర్డ్) ఉందా లేదా అనే లెక్కే లేదు.

అంతటితో అయిపోలేదు. నేను పొరపాటున నొక్కిన ఆ లాడ్జి నెట్‌వర్క్‌ను అది గుర్తుపెట్టుకుంది. మర్నాటి నుంచి పొద్దున షాపు తెరిచి మెయిన్ వేస్తే, మా రౌటర్ లేచి నిలబడటానికి రెండు నిమిషాలు పడుతుంది కదా, ఈలోపే లాప్‌టాప్ వెళ్లి లాడ్జి నెట్‌వర్క్‌లో చేరిపోయేది. అది ఓటీపీ కొట్టకపోయినా చేరినట్టే లెక్క కాబట్టి, మా రౌటర్ వచ్చాక కూడా తనంతట తాను వెనక్కి వచ్చేది కాదు. వారం రోజులు పొద్దున పూట నెట్ ఎందుకు రావడం లేదో తెలియక సర్వీస్ వాళ్లకు ఫోన్లు చేశాను. మా చేతుల మీదుగా రోజూ జనాల ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్ పేజీలు పోతుంటాయి. ఇప్పుడు చాలా సైట్లు తాళం గుర్తుతో, ఎన్‌క్రిప్షన్‌తోనే నడుస్తాయి, నిజమే. అయినా ఎవరిదో తెలియని నెట్‌వర్క్ మీద ఆ కాగితాలు పంపడం నాకు ఇష్టం లేదు. వాళ్లు నన్ను నమ్మి ఇస్తున్నారు.

లిస్టు ఎందుకు అట్లా గంతులు వేస్తుందో మా అక్క కొడుకు చూపించాడు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని, పండక్కి వచ్చినప్పుడు మ్యాక్‌బుక్ తెచ్చాడు. అందులో కీబోర్డు మీద ఆప్షన్ కీ పట్టుకుని వైఫై గుర్తు నొక్కితే సిగ్నల్ బలం అంకెల్లో కనిపిస్తుంది. ఆ అంకెలు మైనస్‌లో ఉంటాయి. మైనస్ 50 అంటే బాగున్నట్టు, మైనస్ 80 అంటే కొన ఊపిరితో ఉన్నట్టు. కౌంటర్ మీద లాప్‌టాప్ కదపకుండా పెట్టి మా రౌటర్ అంకె చూస్తూ కూర్చున్నాం. మైనస్ గుర్తు వదిలేసి చెప్తే 58, 61, 57, 62. ఎవరూ ఏమీ ముట్టుకోలేదు. ఒక కస్టమర్ వచ్చి మధ్యలో నిలబడితే 66. మనిషి ఒంట్లో ఉండే నీరే సిగ్నల్‌ను తాగేస్తుందట. ఎండ పడుతోందని షట్టర్ సగం దించితే రోడ్డు అవతలి పేర్లు నాలుగు లిస్టులోంచే మాయమయ్యాయి. ఈ లెక్కలో 3 అంకెలు పడిపోతే పవర్ సగమైనట్టు. అయినా ఫైల్ పంపేవాళ్లకు 58కీ 61కీ తేడా ఏమీ తెలియదు. మనకు తెలియని తేడా కోసం లైన్లు అటూ ఇటూ మార్చి మన వేలు తప్పించడం ఎందుకు?

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. ప్రతి రౌటరూ "నేనున్నాను" అని సెకనుకు దాదాపు పది సార్లు చెప్తూ ఉంటుంది. రేడియో స్టేషన్లలాగా వైఫైకీ వేర్వేరు ఛానెళ్లు ఉంటాయి, లాప్‌టాప్ వాటన్నిటినీ ఒకేసారి వినలేదు. ఒక్కో ఛానెల్‌కు వెళ్లి కాసేపు విని, ఇంకోదానికి పోతుంది. అందుకే లిస్టు తెరవగానే ఐదారు పేర్లే ఉండి, చూస్తుండగా మిగతావి వచ్చి మధ్యలో దూరుతాయి. సరిగ్గా మనం నొక్కబోయే టైం అదే. కొత్తగా దొరికినవాటిని అడుగున చేర్చి, మెనూ మూసి మళ్లీ తెరిచినప్పుడు సర్దితే ఏం పోతుంది?

ఆ లాప్‌టాప్‌లో ఆ కంపెనీ ప్రోగ్రాం తీసేసి, మా షాపులో పనిచేసే తమ్ముడు ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాడు. తేడా మొదటి రోజే తెలిసింది. ఇందులో మనం ఇంతకుముందు కనెక్ట్ అయినవి ముందు వస్తాయి. ఆ తర్వాతే బలం. బలం సమానమైతే తాళం ఉన్నవి ముందు, అదీ సమానమైతే అక్షర క్రమం. నా మూడు పేర్లూ పైన కనిపిస్తాయి, మిగతా 28తో నాకు పని లేదు. ఈ ఒక్క మార్పుతో సగం టెన్షన్ పోయింది. తెలిసినవాటి కింద తెలియనివి ఎన్ని గంతులేసినా నా కన్ను అటు పోదు.

కానీ ఆ మూడింటి మధ్య వరుస మాత్రం తప్పే. అక్కడ మళ్లీ సిగ్నలే పెత్తనం. నా ఫోన్ ఎక్కడుంటుంది? లాప్‌టాప్ పక్కన, జానెడు దూరంలో. షాపు రౌటర్ వెనక గదిలో అటక మీద. మరి ఎవరి సిగ్నల్ బలంగా ఉంటుంది? హాట్‌స్పాట్ ఆన్ చేసి మరిచిపోతే అది అందరికన్నా పైన వచ్చి కూర్చుంటుంది. నా రీచార్జికి రోజుకు 2 జీబీ. ఒకసారి పాత ప్రోగ్రాం ఉన్న రోజుల్లోనే, లాప్‌టాప్ దానంతట అది హాట్‌స్పాట్‌లో చేరి ఏదో అప్‌డేట్ దించుకుంది. పదకొండింటికల్లా ఆ రోజు డేటా అంతా అయిపోయింది, సాయంత్రం ఫైబర్ పోయినప్పుడు చేతిలో ఏమీ లేదు. హాల్‌టికెట్లకు వచ్చిన పిల్లలను వేరే సెంటర్‌కు పంపించాను. అన్నిటికన్నా దగ్గరున్నది అన్నిటికన్నా ఖరీదైనది అయినప్పుడు బలం చూసి వరుస పెట్టకూడదు. కొలిచి వాడుకోవలసినది చివర ఉండాలి.

ఉబుంటులో దీనికి ఒక మార్గం ఉంది గానీ ఎదురుగా కనపడదు. అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ అనే ప్రోగ్రాంలో ఒక్కో నెట్‌వర్క్‌కు ఆటోమేటిక్‌గా కనెక్ట్ అయ్యే ప్రాధాన్యం అంకె ఇవ్వొచ్చు. మైనస్ 999 నుంచి 999 దాకా. మనం ఏమీ ఇవ్వకపోతే అన్నిటికీ సున్నా. నేను షాపుకు 100, మెడికల్ షాపుకు 50, హాట్‌స్పాట్‌కు మైనస్ 10 ఇచ్చాను. కరెంటు పోయి వచ్చినా ఇప్పుడు సరైనదాంట్లోనే చేరుతుంది. కాకపోతే ఆ అంకెలు కనెక్ట్ అవడానికే పనికొస్తాయి, మెనూలో కనిపించే వరుసకు వాటితో సంబంధం లేదు. నాకు ఏది ముందో నేను అంకె వేసి మరీ చెప్పాను కదా, అదే వరుసలో నా కంటికీ చూపించవచ్చు కదా! లోపల ఒక వరుస, బయట ఇంకో వరుస ఎందుకో నాకు అర్థం కాదు. అయినా సరే ఉబుంటుకు నేను ఐదుకు మూడున్నర ఇస్తాను.

మ్యాక్‌బుక్ లిస్టు చూడటానికి నాకు అన్నింటికన్నా నచ్చింది. తెలిసినవి ఒక శీర్షిక కింద, మిగతావి ఇంకో శీర్షిక కింద వేరుగా ఉంటాయి. 2020లో బిగ్ సర్ అనే మ్యాక్ వెర్షన్ వచ్చినప్పుడు ఇట్లా విడగొట్టారని మావాడు చెప్పాడు. ఆపిల్ ఫోన్ హాట్‌స్పాట్ అయితే దానికి మళ్లీ వేరే చోటు. నేను కోరుకునేది అచ్చంగా అదే. నాది ఆండ్రాయిడ్ ఫోన్ కాబట్టి ఆ గౌరవం దానికి దక్కలేదు, మామూలు పేర్లలో కలిసిపోయింది. ఒకప్పుడు మ్యాక్‌లో నెట్‌వర్క్‌ల పేర్లను మౌస్‌తో లాగి మనకు కావలసిన వరుసలో పెట్టుకునే వీలుండేది. 2022లో వెంచురా అనే వెర్షన్ వచ్చాక సెట్టింగుల్లోంచి అది తీసేశారు. చక్కగా ఉన్నదాన్ని తీసేయడం నాకు నచ్చలేదు.

విండోస్‌లోనూ అదే కథ. విండోస్ 7 మీద నేను షాపు మొదలుపెట్టాను. అందులో సేవ్ చేసిన నెట్‌వర్క్‌ల జాబితా తెరిచి, ఒకదాన్ని ఎంచుకుని మూవ్ అప్, మూవ్ డౌన్ నొక్కితే పైకీ కిందికీ పోయేది. కంప్యూటర్ రాని మా అమ్మ కూడా చేసేది ఆ పని. 2012లో విండోస్ 8తో ఆ కిటికీ పోయింది. తర్వాత చాలా ఏళ్లు నల్ల తెర తెరిచి కమాండ్ కొట్టి సేవ్ చేసిన నెట్‌వర్క్‌ల వరుస మార్చుకోవలసి వచ్చింది. ఆ కమాండ్ ఒక కాగితం మీద రాసి కౌంటర్ అద్దం కింద పెట్టుకున్నాను, ఇంకా అక్కడే ఉంది. ఇప్పుడు కౌంటర్ మీదున్న విండోస్ 11లో నేను చేసేవి రెండే పనులు. హాట్‌స్పాట్‌ను మీటర్డ్ అని, అంటే డేటా కొలిచి వాడుకోవలసినదని గుర్తు పెట్టడం, దాని ఆటోమేటిక్ కనెక్ట్ టిక్కు తీసేయడం. ఈ రెండూ చేస్తే డేటా పోయే భయం చాలావరకు ఉండదు. ఓపెన్ నెట్‌వర్క్‌లో పొరపాటున చేరితే వెంటనే ఫర్‌గెట్ కొట్టాలి, డిస్కనెక్ట్ కొడితే చాలదు. లాడ్జి నెట్‌వర్క్ నాకు నేర్పిన పాఠం అది.

అసలు బలం గొడవే లేకుండా అక్షర క్రమంలో పెడితే ఏమవుతుందని అనిపించొచ్చు. నాకూ అనిపించింది. లైన్లు కదలవు, రోజూ అదే చోట ఉంటాయి, అది పెద్ద సుఖమే. కానీ మా వీధిలో పైన అంతా డైరెక్ట్ అని మొదలయ్యే పేర్లే వస్తాయి. అవన్నీ ప్రింటర్లు. వైఫై డైరెక్ట్, అంటే రౌటర్ లేకుండా నేరుగా కలిసే సౌకర్యం ఉన్న ప్రతి వస్తువూ తన పేరు అట్లాగే మొదలుపెడుతుంది. ల్యాబుల్లో, ఆసుపత్రుల్లో, మా షాపులో కలిపి ఏడు ప్రింటర్లు కనిపిస్తాయి. వాటితో నెట్ రాదు, ఆ వరుసలో వాటికి పనే లేదు. వాటి కింద ఒకే కంపెనీ రౌటర్లు, మొదటి ఎనిమిది అక్షరాలు ఒకటే, చివరి నాలుగు అంకెలే తేడా.

దీనికి నేను ఒక చిట్కా కనిపెట్టుకున్నాను. మా నెట్‌వర్క్‌కు తెలుగులో పేరు పెట్టాను. మొదట గాయత్రి ఆన్‌లైన్ సెంటర్ అని కొడితే రౌటర్ ఒప్పుకోలేదు. వైఫై పేరుకు 32 బైట్ల దాకానే చోటు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగుకు ఒక్కోదానికి 3 పడతాయి. గుణింతం గుర్తుకు వేరే 3, పొల్లుకు వేరే 3. అంటే మొత్తం 10 గుర్తులు దాటకూడదు. మన షాపు అని పెట్టాను, 19 బైట్లలో సరిపోయింది. అన్ని ఇంగ్లిష్ పేర్ల మధ్య ఒక్క తెలుగు పేరు ఎక్కడున్నా కన్ను నేరుగా దాని మీదికే పోతుంది. మెడికల్ షాపు అన్న అది చూసి తనదీ మార్పించుకున్నాడు. మా పాత ప్రింటర్ చిన్న తెర మీద మాత్రం అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి. దానికి కేబుల్ వేశాం.

ఇన్ని చూశాక ఈ పనిని సరిగ్గా చేసేది నా జేబులోనే ఉందని తెలిసింది. ఫోన్ కంపెనీలు మార్పులు చేయని మూల ఆండ్రాయిడ్‌లో వరుస ఇట్లా ఉంటుంది: ఇప్పుడు కనెక్ట్ అయినది పైన, తర్వాత సేవ్ చేసుకున్నవి, తర్వాత మిగతావి. మిగతావాటిని బలం బట్టే పెడతారు, కానీ అసలు అంకెతో పోల్చరు, గీతలతో పోలుస్తారు. 58 అయినా 61 అయినా గీతలు అన్నే కాబట్టి రెండూ సమానం. సమానమైనవాటిని అక్షర క్రమంలో పెడతారు. ఒక గీత పెరిగితేనో తగ్గితేనో తప్ప లైను కదలదు. ఫోన్‌లో నేను ఎప్పుడూ తప్పు నొక్కలేదు, ఎందుకో ఇన్నాళ్లకు తెలిసింది. ఫోన్‌లో ఉన్న ఈ తెలివి ప్రతి లాప్‌టాప్‌కూ రావాలి.

దానికి నేను ఇంకో మూడు కలుపుతాను. సేవ్ చేసుకున్నవాటి వరుస నేనే లాగి పెట్టుకోవాలి, కనెక్ట్ అయ్యేదీ కంటికి కనిపించేదీ అదే వరుస కావాలి. రెండోది, బాణం లిస్టు మీద ఉన్నంతసేపు ఒక్క లైను కూడా జరగకూడదు. మూడోది, ఓపెన్ నెట్‌వర్క్‌లు అట్టడుగున వేరే గీత కింద ఉండాలి, నొక్కగానే చేరకుండా ఒకసారి అడగాలి. ఒకే పేరుతో ఎవరైనా నెట్‌వర్క్ పెట్టొచ్చు, పేరు చూసి అది మనదేనని అనుకోవడానికి లేదు, కాబట్టి ఆ ఒక్క ప్రశ్న అడగడం దండగ కాదు.

కొత్త లాప్‌టాప్ కొనబోయేవాళ్లు షోరూంలో బిల్లు కట్టే ముందు ఒక పని చేయండి. వైఫై మెనూ తెరిచి, ఏమీ నొక్కకుండా అర నిమిషం చూడండి. అక్కడ కూడా పాతిక పేర్లు ఉంటాయి. బాణం ఒక పేరు మీద ఆనించి, ఆ పేరు కదులుతుందేమో చూడండి. మా షాపులో పనిచేసే తమ్ముడు మొన్న వాళ్ల చెల్లెలి చదువుకోసం లాప్‌టాప్ చూడటానికి వెళ్లి రెండు షాపుల్లో ఇదే చేశాడు. రెండో షాపులో ఉన్నదాంట్లో పేరు కదల్లేదు. దాన్నే తెచ్చాడు.